ఫాల్స్ చర్చ్ ఊరికి పేరిచ్చిన ఆ ఎర్ర ఇటుకల చర్చి కథ ఎవరికైనా తెలుసా?

తూర్పుగట్టు (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మేం వర్జీనియాలో ఫాల్స్ చర్చ్‌కి మారి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళూ అడ్రస్‌లో ఆ పేరు రాస్తూనే ఉన్నాను గానీ, అది నిజంగా ఒక చర్చి పేరని, ఆ చర్చి మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉందని ఈ వారమే తెలిసింది. మా అమ్మాయికి స్కూల్లో ఊరి చరిత్ర మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, అందుకని ఈ రోజు పొద్దున ఇద్దరం వెళ్ళి చూసొచ్చాం. చుట్టూ పెద్ద పెద్ద చెట్లు, పాత సమాధులు, మధ్యలో ఎర్ర ఇటుకల కట్టడం. గోపురం లేదు, గంట స్తంభం లేదు, రెండు వరసల కిటికీలు, నాలుగు వైపులా వాలిన కప్పు. దూరం నుంచి చూస్తే చర్చిలా కాదు, మన ఊళ్ళల్లో దొరల కాలం నాటి కచేరీలా ఉంది. 1769లో కట్టారట.

మా అమ్మాయి ఒకటి కనిపెట్టింది. కింది వరస కిటికీల కింద కొన్ని ఇటుకలు మిగతా గోడ రంగులో లేవు, తర్వాత ఎప్పుడో అతికినట్టున్నాయి. "నాన్నా, ఇక్కడ గోడ పగలగొట్టారా?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను.

ఇంకో సందేహం. ఇది ఎపిస్కోపల్ చర్చి అని బోర్డు ఉంది. దగ్గర్లోనే ఇంకోచోట 'ఫాల్స్ చర్చ్ ఆంగ్లికన్' అని పెద్ద కొత్త చర్చి ఉంది. రెండూ ఒకటేనా, వేరా? చరిత్ర తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెబితే ప్రాజెక్ట్‌కే కాదు, నాకూ మేలు చేసినవాళ్ళవుతారు.

ఆరెంజ్‌లైన్ (శనివారం, రాత్రి 9:30)

పేరు సంగతి నేను చెప్తాను, మిగతాది పెద్దవాళ్ళు చెప్తారు. ఊళ్ళో జలపాతం ఏదీ లేదు, వెతక్కండి. పొటోమాక్ నది మీద లిటిల్ ఫాల్స్ అని ఒక చోట ఉంది, అక్కడ నీళ్ళు బండల మీదుగా దూకుతాయి. ఆ దగ్గర్లో రేవు ఉండేది. ఈ చర్చి ముందు నుంచి వెళ్ళే బాట ఆ రేవుకే పోయేది. దాంతో జనం 'ఫాల్స్ దగ్గరి చర్చి' అనేవాళ్ళు, అది అరిగి అరిగి 'ఫాల్స్ చర్చ్' అయింది. చర్చి ముందు వచ్చింది, దాని చుట్టూ ఊరు వచ్చింది. టౌన్‌గా గుర్తింపు 1875లో, విడిగా సిటీ అయ్యింది 1948లో. ఊరి విస్తీర్ణం అంతా కలిపి రెండు చదరపు మైళ్ళ పైచిలుకే.

పాతకాగితాలు (శనివారం, రాత్రి 10:48)

తూర్పుగట్టు గారూ, మంచి ప్రశ్న అడిగారు. నేను ఈ పక్కనే ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను, ఈ చర్చి గురించి దొరికినదల్లా చదివాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అసలు మొదలు 1732. అప్పట్లో వర్జీనియా ఇంగ్లండ్ రాజు ఏలుబడిలో ఉంది, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అక్కడ సర్కారు మతం. ఆ ఏడాది ఈ ప్రాంతానికి ట్రూరో పారిష్ అని విడగొట్టారు. పారిష్ అంటే ఒక్క చర్చి అనుకోకండి, మన ఫిర్కా లాగా అనుకోండి, ఒక పారిష్‌లో రెండు మూడు చర్చిలు ఉండేవి. దాన్ని నడిపేది వెస్ట్రీ అనే పన్నెండు మంది పెద్దల సంఘం. వాళ్ళు అయ్యగారిని, అంటే పాస్టర్‌ని కుదుర్చుకోవడం, చర్చి కట్టించడం మాత్రమే కాదు, పన్ను వేసి వసూలు చేసేవాళ్ళు, దిక్కులేని ముసలివాళ్ళకి, అనాథ పిల్లలకి తిండీ గుడ్డా చూసేవాళ్ళు. ఆ పని ఇప్పుడు కౌంటీ చేస్తోంది, అప్పుడు చర్చి చేసేది. కాబట్టి వెస్ట్రీలో ఉండటమంటే భక్తి ఒక్కటే కాదు, ఊళ్ళో పెత్తనం కూడా.

ఇప్పుడున్న చోట మొదట చెక్కతో ఒక చర్చి కట్టారు, 1733, 34 ప్రాంతంలో. ముప్పై ఏళ్ళకే అది పుచ్చిపోయింది. జార్జ్ వాషింగ్టన్ 1762లో ట్రూరో వెస్ట్రీకి ఎన్నికయ్యాడు, మరుసటి ఏడాది జార్జ్ విలియం ఫెయిర్‌ఫాక్స్‌తో కలిసి చర్చి వార్డెన్‌గా, అంటే వెస్ట్రీ పనులు దగ్గరుండి చూసే పెద్దగా చేశాడు. ఆ 1763లోనే వెస్ట్రీ ఇక్కడ సమావేశమై పాత కట్టడాన్ని చూసి, మరమ్మతుకి పనికిరాదు, ఇటుకతో కొత్తది కట్టాలి అని తీర్మానం చేసింది. అప్పటికి ఆయన ముప్పై ఏళ్ళు దాటిన భూస్వామి, ఇంకా దేశాధ్యక్షుడు కాదు, దేశమే లేదు.

కానీ కట్టేలోపు 1765లో పారిష్ రెండుగా చీలింది. ఫాల్స్ చర్చి కొత్తగా ఏర్పడ్డ ఫెయిర్‌ఫాక్స్ పారిష్‌లోకి వచ్చింది. జేమ్స్ రెన్ అనే ఆయన ప్లాన్ గీశాడు, కట్టడం 1769కి పూర్తయింది. ఇదే పారిష్‌కి అలెగ్జాండ్రియాలో క్రైస్ట్ చర్చ్ ఉంది చూడండి, దాని ప్లాన్ కూడా ఆయనదే, అది 1773లో ముగిసింది. రెండూ పక్కపక్కన ఊహించుకుంటే అన్నదమ్ముల్లా ఉంటాయి. అలెగ్జాండ్రియా చర్చికి తర్వాత గోపురం పెట్టారు, దీనికి పెట్టలేదు, అంతే. మీకు కచేరీలా అనిపించడం తప్పేం కాదు. ఆ కాలం వర్జీనియా చర్చిలు చాలావరకు అలాగే ఉంటాయి. అలంకారం కన్నా అందరికీ వాక్యం వినపడాలి, అందరికీ వెలుతురు తగలాలి అన్నదే వాళ్ళ లెక్క. అందుకే అంతంత కిటికీలు.

స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఇక్కడే జనాన్ని సైన్యంలో చేర్చుకున్నారు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనని దక్షిణపు తలుపు మెట్ల మీద నిలబడి ఊరి జనానికి చదివి వినిపించారని ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు.

బ్యారన్‌పొగ (శనివారం, రాత్రి 11:20)

పాతకాగితాలు గారు పన్ను అన్నారు గానీ అది దేంతో కట్టేవాళ్ళో చెప్పలేదు. పొగాకుతో! నేను ప్రకాశం జిల్లా వాణ్ణి. మా ఇంట్లో మూడు తరాలుగా వర్జీనియా పొగాకు వేశారు, చిన్నప్పుడు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు మంట కాపలా కాసినవాణ్ణి. ఆ 'వర్జీనియా' అనే మాట మా నోట్లో పొగాకు రకం పేరే తప్ప ఒక ఊరు, ఒక రాష్ట్రం అని ఎప్పుడూ అనిపించలేదు. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఈ మట్టిలో చర్చి గోడలు కూడా పొగాకు లెక్కల మీదే లేచాయని.

అయ్యగారి జీతం ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు. ఇది 1696లో చట్టంగానే చేశారు. ధర బాగుంటే అయ్యగారికి పండగే, ధర పడితే ఆయనకి ఇబ్బంది. 1758లో పంట పోయి ధర ఎగిరింది. అప్పుడు ఇక్కడి శాసనసభ ఏం చేసిందంటే, పొగాకు బదులు పౌనుకి రెండు పెన్నీల చొప్పున డబ్బు ఇస్తే చాలు అని చట్టం తెచ్చింది. బజారు ధర దానికి దాదాపు మూడింతలు ఉంది. అయ్యగార్లు లండన్‌కి ఫిర్యాదు చేశారు, రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు. తర్వాత మౌరీ అనే అయ్యగారు బకాయి కోసం కోర్టుకెక్కితే, అవతలి పక్షాన ప్యాట్రిక్ హెన్రీ అనే కుర్ర లాయరు వాదించి జనాన్ని ఊపేశాడు. 1763లో జూరీ ఆ అయ్యగారికి ఇప్పించిన నష్టపరిహారం ఒక్క పెన్నీ. రైతుకీ, సర్కారుకీ, అయ్యగారికీ మధ్య పొగాకు ధర పెట్టిన చిచ్చు అది. మార్కెట్ రోజు వేలంలో మా నాన్న మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు కాబట్టి ఈ కథ చదివినప్పుడు నిద్ర పట్టలేదు.

మాది బాప్టిస్టు కుటుంబం. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చినప్పటి నుంచి అంటారు మా పెద్దలు. ఆ రోజుల్లో వర్జీనియాలో బాప్టిస్టు అయినా ఈ చర్చికి పన్ను కట్టాల్సిందే. లైసెన్సు లేకుండా వాక్యం చెప్పారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో పెట్టారు. అది కూడా ఈ చరిత్రలో భాగమే, దాటేయకూడదు.

డోర్నకల్ ఆడపడుచు (ఆదివారం, ఉదయం 6:05)

తెల్లవారి లేవగానే ఈ చర్చ చూసి సంతోషం వేసింది. ఎపిస్కోపల్ అంటే ఏంటో కొందరికి తెలియకపోవచ్చు, చెప్తాను. బిషప్పులు ఉన్న సంఘం అని అర్థం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంప్రదాయమే, అమెరికాలో దాని పేరు ఎపిస్కోపల్. ఆరాధన ప్రార్థన పుస్తకం ప్రకారం జరుగుతుంది, అయ్యగారిని రెక్టర్ అంటారు, సంఘ పెద్దల కమిటీని ఇప్పటికీ వెస్ట్రీ అనే అంటారు.

స్వాతంత్ర్యం వచ్చాక వీళ్ళకో పెద్ద చిక్కు వచ్చింది. బిషప్ లేనిదే కొత్త అయ్యగార్లని అభిషేకించలేరు, అమెరికాలో ఒక్క బిషప్ కూడా లేడు, ఇంగ్లండ్‌లో అవుదామంటే రాజుకి విధేయుణ్ణని ప్రమాణం చేయాలి. చివరికి శామ్యూల్ సీబరీ అనే ఆయన స్కాట్లండ్ వెళ్ళి 1784లో అక్కడి బిషప్పుల చేత అభిషేకం పొంది వచ్చారు. 1789లో సంఘానికి రాజ్యాంగం, సొంత ప్రార్థన పుస్తకం అమర్చుకున్నారు.

మాకు ఇది దూరపు కథ కాదు. మా డోర్నకల్ కూడా మొదట్లో ఆంగ్లికన్ డయాసిసే, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం. 1912లో అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యింది అక్కడికే. 1947 సెప్టెంబరు 27న సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు మా డయాసిస్ అందులో కలిసింది. అందుకే నేను ఇక్కడ ఏ ఎపిస్కోపల్ చర్చికి వెళ్ళినా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి పరాయిదానిలా వెళ్ళను. సీఎస్‌ఐకీ వీళ్ళకీ పూర్తి సహవాసం ఉంది. మొదటిసారి ఇక్కడ సంస్కారపు ఆరాధనలో కూర్చున్నప్పుడు భాష ఇంగ్లీషే గానీ, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో నా ఒంటికి ముందే తెలుసు. మా అమ్మ పక్కన నిలబడినట్టే అనిపించింది, కళ్ళనీళ్ళు ఆగలేదు.

గ్లీబ్‌రోడ్ వాసి (ఆదివారం, ఉదయం 9:40)

ఇంత పలుకుబడి ఉన్న చర్చి తర్వాత ఏమైంది? ఎక్కడో చదివాను, చాలాకాలం పాడుబడి ఉందని. నిజమేనా?

పాతకాగితాలు (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

నిజమే. మీ పేరులోనే జవాబు ఉంది. ఆర్లింగ్టన్‌లో గ్లీబ్ రోడ్ మీద రోజూ ఎంతమంది మనవాళ్ళు ఆఫీసులకి వెళ్తారో, ఆ మాటకి అర్థం ఎంతమందికి తెలుసో. గ్లీబ్ అంటే మాన్యం. గుడికి, పూజారికి మన వైపు రాసిచ్చిన మాన్యం ఉన్నట్టే, ఇక్కడ అయ్యగారి బతుకుతెరువుకి పారిష్ ఇచ్చే భూమి గ్లీబ్. ఫెయిర్‌ఫాక్స్ పారిష్‌కి 500 ఎకరాల గ్లీబ్ ఉండేది, ఫాల్స్ చర్చికీ అలెగ్జాండ్రియా క్రైస్ట్ చర్చ్‌కీ ఉమ్మడిగా. ఆ మాన్యం మధ్యగా పోయిన దారే మీ రోడ్డు.

స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక 1776లో చర్చి పన్ను ఆపేశారు, తర్వాత పూర్తిగా రద్దయింది. జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం 1786లో వచ్చింది. 1802లో ఇంకో చట్టం తెచ్చి, ప్రజల పన్నుతో కొన్న మాన్యాలు ప్రజలవే అని గ్లీబ్ భూముల్ని అమ్మించడం మొదలుపెట్టారు. బ్యారన్‌పొగ గారు చెప్పిన బాప్టిస్టులే దానికి గట్టిగా పోరాడారు, వాళ్ళ బాధలో న్యాయం ఉంది. ఈ పారిష్ మాన్యం 1815లో అమ్మేశారు. పన్ను పోయింది, మాన్యం పోయింది, ఇంగ్లండ్ చర్చి అని జనానికి ఉన్న మంట చల్లారలేదు. అలెగ్జాండ్రియా అంటే రేవు పట్నం, అక్కడి చర్చి నిలబడింది. ఫాల్స్ చర్చి పొలాల మధ్య ఉంది, దాన్ని వదిలేశారు. తలుపులు ఊడి, కిటికీలు పోయి, పశువులు దూరేంత స్థితికి వచ్చింది.

మళ్ళీ ప్రాణం పోసింది ఇద్దరు. ఒకటి అలెగ్జాండ్రియాలో 1823లో పెట్టిన వర్జీనియా సెమినరీ, అంటే అయ్యగార్లని తయారుచేసే బడి, అక్కడి విద్యార్థులు ఆదివారాలు వచ్చి ఆరాధన జరిపేవాళ్ళు. రెండు హెన్రీ ఫెయిర్‌ఫాక్స్, ఆ పాత ఫెయిర్‌ఫాక్స్ కుటుంబం మనిషి. 1830ల చివర్లో సొంత డబ్బుతో బాగుచేయించాడు. తర్వాత మెక్సికో యుద్ధానికి కెప్టెన్‌గా వెళ్ళి 1847లో అక్కడే చనిపోయాడు. శవాన్ని తెచ్చి ఈ చర్చి ఆవరణలోనే పూడ్చారు. ఈసారి వెళ్తే ఆ సమాధి దగ్గర ఒక నిమిషం ఆగండి.

ఇప్పుడు మీ అమ్మాయి అడిగిన ఇటుకల సంగతి. పాప చూపు చాలా గొప్పది. 1861లో అంతర్యుద్ధం వచ్చింది. ఈ ఊరు వాషింగ్టన్‌కి కూతవేటు దూరం, రెండు సైన్యాలూ దీని మీదుగా తిరిగాయి. ఉత్తరాది సైన్యం చర్చిని ముందు ఆసుపత్రిగా, తర్వాత గుర్రాల సాలగా వాడుకుంది. లోపలి బల్లలు, చెక్క పోయాయి. కిటికీల కింద గోడ పగిలింది. యుద్ధం అయ్యాక దాన్ని పూడ్చారు. ఆ పూడ్చిన ఇటుకే మీకు వేరే రంగులో కనిపించింది. పన్నెండు మంది పెద్దమనుషులు వరస తప్పకుండా పేర్పించిన గోడలో, సైనికులు చేసిన గాయం అలా మిగిలిపోయింది.

నీలికాగితం (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

పాతకాగితాలు గారూ, మీరంటే గౌరవం. కానీ ఒకటి తప్పకుండా చెప్పాలి. 'పన్నెండు మంది పెద్దమనుషులు పేర్పించిన గోడ' అన్నారు. పేర్చిన చేతులు ఎవరివి? ఆ వెస్ట్రీ పెద్దలు బానిసల యజమానులు. వాషింగ్టన్‌తో సహా. పన్ను లెక్క కూడా ఎలా వేసేవాళ్ళంటే, పదహారేళ్ళు దాటిన మగవాళ్ళందరికీ తలకింత, బానిసలైతే ఆడవాళ్ళకి కూడా. ఆ పొగాకు పండించింది బానిసలే. అంటే ఈ చర్చికి వచ్చిన ప్రతి పౌను పొగాకులో వాళ్ళ చెమట ఉంది. బ్యారన్‌పొగ గారూ, పొగాకు చేను ఎంత నడుం విరిచే పనో మీకు నేను చెప్పక్కర్లేదు.

పాతకాగితాలు (ఆదివారం, మధ్యాహ్నం 1:52)

మీరన్నది అక్షరాలా నిజం. నేను రాయాల్సింది, రాయలేదు, తప్పు నాదే. ఇప్పటి ఎపిస్కోపల్ సంఘం ఆ సంగతి ఒప్పుకుని, ఆ కట్టడంలో బానిసల శ్రమ ఉందని చెప్పే స్మారక ఫలకం చర్చి దగ్గరే పెట్టింది. తూర్పుగట్టు గారూ, ప్రాజెక్ట్‌లో ఆ ఫలకం ఫొటో తప్పకుండా పెట్టించండి.

బ్యారన్‌పొగ (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

నీలికాగితం గారూ, ఒప్పుకుంటున్నాను. పొగాకు నాటు, తల తుంచడం, పిలకలు గిల్లడం, ఆకు కొట్టడం, అంతా చేతులతోనే. జిగురు చేతులకి అంటితే రెండు రోజులు వదలదు. కూలి లేకుండా, జీవితాంతం ఆ పని. తలుచుకుంటేనే భరించలేం.

ఆరెంజ్‌లైన్ (ఆదివారం, సాయంత్రం 5:20)

రెండు చర్చిల సంగతి ఎవరూ చెప్పలేదు. నేను ఆ గొడవ జరిగిన రోజుల్లో ఇక్కడే ఉన్నాను, చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాషింగ్టన్ ఉద్యోగులతో ఈ శివార్లు నిండిపోయాయి, చర్చి కూడా పెరిగింది. 1979 నుంచి కొత్త రెక్టర్ వచ్చాక ఇంకా జోరందుకుంది, వేలమంది అయ్యారు. పాత చర్చి చాలక 1992లో పక్కనే సుమారు 800 మంది పట్టే కొత్త ఆరాధన మందిరం కట్టుకున్నారు. ఆ సంఘం బైబిల్ విషయంలో బాగా సంప్రదాయవాదులు. 2003లో న్యూ హ్యాంప్‌షైర్ డయాసిస్ స్వలింగ సంపర్కి అయిన జీన్ రాబిన్సన్‌ని బిషప్‌గా ఎన్నుకుని అభిషేకించింది. అప్పటికే లోలోపల ఉన్న విభేదం దాంతో బయటపడింది. 2006 డిసెంబరులో సంఘం ఓటు పెట్టుకుంది. దాదాపు 90 శాతం మంది ఎపిస్కోపల్ సంఘం నుంచి వెళ్ళిపోదామని ఓటేశారు. వెళ్ళి నైజీరియా ఆర్చిబిషప్ అకినోలా కింద ఏర్పాటైన ఆంగ్లికన్ కూటమిలో చేరారు. ఫెయిర్‌ఫాక్స్‌లో ట్రూరో చర్చ్ కూడా అదే రోజుల్లో అదే పని చేసింది.

వెళ్ళిపోయామన్నారు గానీ కట్టడం వదల్లేదు. ఆస్తి మాది అన్నారు. డయాసిస్ మాది అంది. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. 1867 నాటి వర్జీనియా చట్టం ఒకటి ఉంది, అంతర్యుద్ధం తర్వాత సంఘాలు చీలుతుంటే చేసినది. ఒక సంఘంలో చీలిక వస్తే, ఎటు పోవాలో మెజారిటీ ఓటుతో తేల్చుకుని ఆస్తి ఉంచుకోవచ్చంటుంది. దాని ఆధారంగా 2008లో ఫెయిర్‌ఫాక్స్ కోర్టులో వెళ్ళిపోయినవాళ్ళు గెలిచారు. 2010లో రాష్ట్ర సుప్రీం కోర్టు, ఆ చట్టం ఈ కేసుకి వర్తించదు పొమ్మంది. మళ్ళీ విచారణ. 2012 జనవరిలో అదే జడ్జి డయాసిస్‌కి అనుకూలంగా తీర్పిచ్చారు. 2013లో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని బలపరిచింది, 2014 మార్చిలో అమెరికా సుప్రీం కోర్టు వినను అంది. అంతటితో అయిపోయింది. వెళ్ళిపోయినవాళ్ళు స్కూళ్ళల్లో, అద్దె హాళ్ళల్లో ఆరాధన చేసుకుంటూ వచ్చి 2019లో సొంత చర్చి కట్టుకున్నారు. తూర్పుగట్టు గారు చూసిన కొత్త చర్చి అదే.

మరి ఓటింగ్‌లో ఓడిన ఆ కొద్దిమంది? వాళ్ళు ఐదేళ్ళ పైగా ఎదురుగా ఉన్న ప్రెస్బిటేరియన్ చర్చి ఇచ్చిన చోటులో ఆరాధన జరుపుకున్నారు. 2012లో పాత చర్చి తాళాలు చేతికొచ్చాక తిరిగొచ్చారు.

గ్లీబ్‌రోడ్ వాసి (ఆదివారం, సాయంత్రం 6:02)

నాకు వెళ్ళిపోయినవాళ్ళ బాధ అర్థమవుతోంది. 1992లో ఆ మందిరం కట్టింది వాళ్ళ కానుకలతోనే కదా? పిల్లల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, అమ్మానాన్నల సమాధులు అన్నీ అక్కడే. పదిమందిలో తొమ్మిదిమంది ఒకవైపు ఉంటే, ఆ ఒక్కడికి ఇల్లు రాసిచ్చినట్టు కాదా?

నీలికాగితం (ఆదివారం, సాయంత్రం 6:20)

ఇల్లు వేరు, మాన్యం వేరు. 1979లోనే ఎపిస్కోపల్ సంఘం చట్టం చేసుకుంది, పారిష్ ఆస్తి మొత్తం డయాసిస్ తరఫున, సంఘం మొత్తం తరఫున ధర్మకర్తృత్వంలో ఉంటుందని. 1769 నాటి గోడ మీద 2006 నాటి ఓటుకి ఎంత హక్కు ఉంటుంది? ఆ రోజు ఓటేసినవాళ్ళే సంఘమా? సమాధుల్లో ఉన్నవాళ్ళు, పుట్టబోయేవాళ్ళు సంఘం కాదా?

గ్లీబ్‌రోడ్ వాసి (ఆదివారం, సాయంత్రం 6:31)

అది వినడానికి బాగుంది గానీ, కరెంటు బిల్లు కట్టేది, కప్పు కారితే బాగుచేయించేది బతికున్నవాళ్ళే. వాళ్ళ మనస్సాక్షి ఒకవైపు లాగితే ఆస్తి కోసం నోరు మూసుకుని ఉండమంటారా?

డోర్నకల్ ఆడపడుచు (ఆదివారం, రాత్రి 8:45)

మీ ఇద్దరూ చెప్పిందీ నేను అనుభవించాను, అందుకే రాస్తున్నాను. నాకు పన్నెండేళ్ళప్పుడు మా సంఘంలో పెద్దలు రెండు వర్గాలయ్యారు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. కోర్టుకెక్కారు. ఒక క్రిస్మస్ ముందు రోజు చర్చికి తాళం పడింది. మేమంతా కొత్త బట్టలేసుకుని వెళ్తే తలుపు గొళ్ళేనికి సంకెళ్ళలా రెండు తాళాలు వేలాడుతున్నాయి, ఒక్కో వర్గానిది ఒక్కోటి. మా అమ్మమ్మ ఆ మెట్ల మీదే మోకరించి ప్రార్థన చేసింది. చలికి ఆమె చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఏడాది ఆ రెండు వర్గాల పిల్లలం స్కూల్లో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తు చేస్తాను. 1947లో మేం సీఎస్‌ఐలో కలిసినప్పుడు నంద్యాల వైపు చాలా సంఘాలు కలవలేదు. మా ఆరాధన క్రమం, మా బిషప్పుల వరస మారిపోతుందని భయపడి ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. మళ్ళీ 1970ల దాకా వాళ్ళు వేరుగానే ఉన్నారు. అప్పుడు మావాళ్ళు వాళ్ళని మొండివాళ్ళన్నారు. వాళ్ళు మమ్మల్ని విశ్వాసం మార్చుకున్నవాళ్ళన్నారు. ఇప్పుడు నంద్యాల కూడా సీఎస్‌ఐ డయాసిసే, మా పిన్ని కోడలు ఆ ఊరి పిల్లే. కలవడానికి పాతికేళ్ళు పైగా పట్టింది గానీ కలిశారు.

గ్లీబ్‌రోడ్ గారూ, తమ కానుకలతో కట్టుకున్న మందిరం వదిలి వెళ్ళడం ఎంత కష్టమో నాకు తెలుసు. నీలికాగితం గారూ, సొంత చర్చికి ఎదురుగా ఇంకొకరి హాల్లో కూర్చుని, కిటికీలోంచి మన చర్చిని చూస్తూ ప్రార్థించడం ఎంత కష్టమో కూడా తెలుసు. నేను ఎపిస్కోపల్ వైపే, కోర్టు తీర్పు సరైనదనే నమ్ముతాను. అయినా ఆ 2012లో తాళాలు చేతులు మారిన రోజు సంతోషపడిన రోజు అని మాత్రం నేను అనుకోను.

గ్లీబ్‌రోడ్ వాసి (ఆదివారం, రాత్రి 9:03)

అక్కా, మీ అమ్మమ్మ గారి మాట చదివాక నాకు ఇంక వాదించాలని లేదు.

పాతకాగితాలు (ఆదివారం, రాత్రి 9:30)

ఒక్కటి చేర్చి ఊరుకుంటాను. ఈ చర్చిని జనం వదిలివెళ్ళడం 2006లో మొదటిసారి కాదు. 1780ల తర్వాత వదిలేశారు, 1861లో సైన్యం ఖాళీ చేయించింది. మూడుసార్లూ తిరిగొచ్చినవాళ్ళు చాలా కొద్దిమందే. ఆ కొద్దిమందితోనే మళ్ళీ మొదలైంది.

తూర్పుగట్టు (తర్వాతి శనివారం, మధ్యాహ్నం 3:15)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ రోజు మళ్ళీ వెళ్ళాం. ముందు బానిసల ఫలకం దగ్గర ఫొటో తీసుకున్నాం, తర్వాత సమాధుల మధ్య తిరిగాం. ఎవరో పెద్దావిడ తోటలో కలుపు తీస్తూ కనిపించారు. ఫలానా ప్రాజెక్ట్ అని చెబితే చేతి తొడుగులు తీసేసి, పాత చర్చి తలుపు తెరిచి లోపల చూపించారు. తెల్లటి గోడలు, నిండా వెలుతురు. పాతకాగితాలు గారు చెప్పిన కిటికీల లెక్క లోపల నిలబడితే గానీ అర్థం కాలేదు, మధ్యాహ్నం పూట ఒక్క దీపం కూడా వేయలేదు.

బయటికొచ్చాక మా అమ్మాయి ఆ కిటికీ కింద కూర్చుని, తెల్లకాగితం గోడకి ఆనించి పెన్సిల్‌తో రుద్దింది. పాత ఇటుకల గీతలు ఒకలా, పూడ్చిన ఇటుకల గీతలు ఒకలా పడ్డాయి కాగితం మీద. రెండూ కలిసే చోట ఒక వేలు పెట్టి "నాన్నా, ఇక్కణ్ణుంచి గుర్రాలు" అంది. ప్రాజెక్ట్ మొదటి పేజీ అదే పెడుతోంది.

డోర్నకల్ అక్కా, మీ అమ్మమ్మ గారి సంగతి కూడా దానికి చెప్పాను. రెండు తాళాల బొమ్మ వేస్తానంటోంది, మీకు అభ్యంతరం లేదు కదా?

డోర్నకల్ ఆడపడుచు (శనివారం, సాయంత్రం 4:40)

వేయమనండి తమ్ముడూ. మెట్ల మీద ఒక ముసలావిణ్ణి కూడా వేయమనండి. తెల్ల చీర, తల మీద కొంగు.